సగటు తొమ్మిది

కాకినాడ తీరానికి అవతల, సముద్రం మీద తేలే రెండంతస్తుల పట్నంలో, 2094 నుంచి ఇక చెంపదెబ్బ చప్పుడు కూడా వినపడదని డాక్టర్ మందాకిని ప్రతి తెర మీదా ప్రకటించింది. చప్పట్లు ముగిసేలోపే మొదటి కుర్చీ గాల్లోకి లేచింది.

ఆవిడ కనిపెట్టింది రౌద్రమాపకం. నుదుటికి స్టిక్కర్ బొట్టులాంటి సెన్సర్ అతికిస్తే చాలు, మెదడులో దాగిన కోపాన్ని పసిగట్టి సున్నా నుంచి వంద వరకు అంకె చెబుతుంది. ఆవిడ ఉండే పైఅంతస్తు సగటు తొమ్మిది. కింది అంతస్తు సగటు ఎనభై ఒకటి. ఆ అంకెలు తెర మీద పడగానే, సగటు తొమ్మిది గల సౌమ్యులంతా ఆ కోపిష్టుల్ని అణచడానికి ఇనపరాడ్లు పట్టుకుని కిందికి దిగారు.

వీణ మాస్టారు చిదంబరం గారైతే మరీ నెమ్మదస్తులు. "కాస్త కదలకుండా ఉండు నాయనా" అని మర్యాదగా చెప్పి మరీ రోకలితో ఒకడి మోకాలు విరగ్గొట్టారు. కళ్లద్దాల మీద పడ్డ నెత్తురు తుడుచుకుని రెండో మోకాలి సంగతీ చూశారు. మెట్ల మీంచి కారిన నెత్తురుకి చుట్టుపక్కల సొరచేపలు పిల్లాపాపలతో సహా వచ్చి దిగాయి.

మందాకిని దగ్గర పనిచేసే సైంటిస్టు నూకరాజు పగిలిన తలతో ల్యాబులోకొచ్చి పడ్డాడు. అతని ఇల్లు కింది అంతస్తులోనే.

"మేడం, ఆ కొలత తప్పని ఒక్క ముక్క చెప్పండి, ఆగిపోతారు. మా అమ్మని రైలింగు దాకా ఈడ్చుకొచ్చేశారండి!"

"మీ అమ్మని చూసి సైన్సు మారదు నూకరాజూ. నేను కొలిచాను, చెప్పాను. తర్వాత జనం కొట్టుకుంటే నాకేంటి సంబంధం?"

"ఆ అంకెతో ఎవర్ని కొడతారో ముందే ఆలోచించాల్సింది మనవే కదండీ! అసలు మావాళ్లని కొలిచేటప్పుడు నన్నెందుకు రానివ్వలేదు?"

"నీవాళ్లు కదా అని పక్షపాతం చూపిస్తావని."

"అయితే దీన్నే అడుగుదాం లెండి" అంటూ నూకరాజు రౌద్రమాపక యంత్రం మీట నొక్కాడు. అది పట్నం తెరలన్నింటికీ ఇంకా కలిపే ఉందన్న సంగతి గొడవలో మందాకిని మర్చిపోయింది.

"కింది అంతస్తు వాళ్లని మంచినీళ్లివ్వకుండా ఎండలో నిలబెట్టారు. బూతులు తిట్టించారు. అప్పుడు కొలవమన్నారు" అంది యంత్రం.

"నోర్ముయ్!"

మందాకిని ఇనప స్టాండు ఊడబీకి నూకరాజు భుజం మీద బాదింది. ఎముక పటుక్కుమంది. అతను రెండో చేత్తో సెన్సర్ ఆవిడ నుదుటికి అతికించేశాడు.

"తొంభై ఎనిమిది" అంది యంత్రం. "ఇప్పటిదాకా ఇదే రికార్డు. అభినందనలు."

ఆ మాట, ఆ స్టాండు, ఆ మొహం ప్రతి తెర మీదా కనిపించాయి. రాడ్లు ఆగాయి. నూకరాజు తల్లిని రైలింగు మీంచి తోయబోతున్న చేతులు వదిలేశాయి. ఆవిడ కూలబడి తెరవంక చూసింది.

ల్యాబు తెర మీద చిదంబరం మాస్టారు ప్రత్యక్షమయ్యారు. రోకలి ఇంకా భుజం మీదే ఉంది.

"అమ్మా మందాకినీ, వాళ్ల అంకె సంగతి తెలిసింది. నా తొమ్మిది మాత్రం నిజమేనా?"

మందాకిని చేతిలో స్టాండు వంక చూసుకుంది. దాని చివర నూకరాజు చొక్కా పీలిక వేలాడుతోంది.

"మిమ్మల్ని అసలు కొలవనేలేదు మాస్టారూ. పైన నేనెవర్నీ కొలవలేదు" అంది. "మనవాళ్లే కదా అని తొమ్మిది వేసేశాను."