ఏడో మోడల్‌లో తొమ్మిది లైన్లు

సుందర్ రాజ్‌ని ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి చంపారు.

ప్లేనోలో ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని తెలుగువాళ్లు ఆరాధన జరుపుకునేవారు. ఆరాధన ముగిసింది. బిర్యానీ ట్రే కారులోనే ఉండిపోయిందని సుందర్ రాజ్ పార్కింగ్ లాట్‌కి వెళ్లాడు. డోర్ తీశాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు పేలింది. హాల్లో అతని భార్య రూతు అందరికీ పేపర్ ప్లేట్లు పంచుతూనే ఉంది. అది 1985 ఆగస్టు.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి డాలస్‌లోని సీక్రెట్ ఆఫీసులో చీఫ్ కోల్‌మన్ ఒక ఫైల్‌ని టేబుల్ మీదికి విసిరాడు. ఏజెంట్ ఆనందబాబు అందుకున్నాడు.

"చదవక్కర్లేదు. సంతకం పెట్టు చాలు," అన్నాడు చీఫ్. "సుందర్ రాజ్ ద్రోహి. కాడో క్రీక్ సిస్టమ్స్‌లో ప్రోగ్రామర్. వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌ని విదేశీ ముఠాకి అమ్మాడు. కొన్నవాళ్లే చంపారు. కేస్ క్లోజ్."

"ప్రూఫ్?"

"మూడు వారాల్లో ఆ కంపెనీ పదకొండు మోడళ్ల కంప్యూటర్లలో డిస్క్‌ని నడిపే ప్రోగ్రాములు, అదే డిస్క్ డ్రైవర్లు, అన్నీ తెరిచి చదివాడు. అమ్మేవాడు కాకపోతే ఒకే ప్రోగ్రామ్‌ని పదకొండుసార్లు ఎవడు చదువుతాడు? లోపల మన ఇన్ఫార్మర్ జయంతి కూడా అదే చెప్పింది."

"అతని భార్య?"

"ద్రోహి భార్యకి గ్రీన్ కార్డ్ ఎందుకు? నెలలో దేశం దాటిస్తారు."

ఆనందబాబుకి ఒళ్లు మండింది. భర్తని పాతిపెట్టకముందే ఆమెని సాగనంపే ఏర్పాట్లు! ఈ ఉద్యోగానికి ముందు అతను ఐదేళ్లు ప్రోగ్రామర్‌గా పనిచేశాడు. ఆ సంగతి చీఫ్ ఎప్పుడో మర్చిపోయాడు. ఒకే ప్రోగ్రామ్‌ని పదకొండుసార్లు చదివేవాడు ఇంకొకడున్నాడని ఆనందబాబుకి తెలుసు: ఆ పదకొండింటినీ ఒకటి చేయాలనుకునేవాడు.

"ఈ సాయంత్రం వరకు టైమ్ ఇవ్వండి."

"ఐదింటివరకే. ఆ టైమ్‌కి వాళ్ల కొత్త సాఫ్ట్‌వేర్ టేపులు కస్టమర్ల కోసం వ్యాన్ ఎక్కుతాయి. దాన్ని ఆపే అధికారం నాకు లేదు, నీకు అసలే లేదు."

మూడున్నరకి కాడో క్రీక్ లాబీలో ఏసీ మెకానిక్ ఒకడు టూల్‌బాక్స్‌తో నిలబడ్డాడు. పెట్టుడు మీసం టెక్సస్ ఎండకి అప్పటికే ఒక పక్క ఊడుతోంది. ఆఫీసు ఇచ్చిన టార్చ్‌లైట్‌లో కెమెరా ఉంది. అది ఫోటోలు తీయదు, లైటూ వెలగదు.

ఎర్ర సిల్కు బ్లౌజు, నల్ల కళ్లద్దాలు, మత్తెక్కించే పెర్ఫ్యూమ్‌తో ప్రాజెక్ట్ మేనేజర్ జయంతి వచ్చింది.

"మూడో ఫ్లోర్‌లో చల్లగా ఉందా?" అన్నాడు ఆనందబాబు. కోడ్ వర్డ్.

"స్వెటర్ తెచ్చుకోలేదు," అంది ఆమె. జవాబు సరిపోయింది. "రండి. సుందర్ క్యూబికల్ చూపిస్తాను. పాపం, మంచివాడే అనుకున్నామండీ. డబ్బు కోసం మనుషులు ఎంతకైనా తెగిస్తారు."

ఆ 'పాపం' వినగానే అతనికి చిర్రెత్తుకొచ్చింది. పైకి నవ్వి బ్యాడ్జ్ తీసుకున్నాడు. మెకానిక్ వేషంలో ఉన్నవాడికి కంప్యూటర్ ఏం తెలుస్తుందిలే అనుకుంది కాబోలు, సుందర్ టెర్మినల్ ముందే వదిలేసి వెళ్లిపోయింది.

ఆఫీసు సంపాదించిన తాత్కాలిక పాస్‌వర్డ్‌తో ఆనందబాబు సిస్టమ్ లోపలికి వెళ్లాడు. అంబులెన్స్‌ల కోసం జనం ఫోన్ చేసే సెంటర్లన్నీ ఈ కంపెనీ మెషీన్ల మీదే నడుస్తున్నాయి. మోడళ్లు పదకొండు. అన్నిటిలోనూ డిస్క్‌ని నడిపే చిప్ ఒక్కటే. అయినా కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా పాత డ్రైవర్‌ని కాపీ కొట్టి, రెండు లైన్లు మార్చి చేతులు దులుపుకున్నారు. పదేళ్లుగా ఇదే తంతు. ఒకచోట తప్పు దొరికితే పదకొండు చోట్ల దిద్దాలి. దిద్దేవాడు లేడు.

సుందర్ రాజ్ ఆ చెత్తంతా ఊడ్చాడు. చిప్‌కి సంబంధించిన పనంతా ఒకే కామన్ ఫైల్‌లో పెట్టాడు. ఒక్కో మోడల్‌కీ చిన్న ముక్క మిగిల్చాడు. ఆ చిప్ ఎక్కడ తగిలించి ఉందో అది చెబుతుంది, అంతే.

అలా కలపాలంటే పదకొండు కాపీలనీ పక్కపక్కన పెట్టి తేడాలు చూడాలి. ఆనందబాబూ చూశాడు. పది కాపీల్లో లేని తొమ్మిది లైన్లు ఏడో మోడల్‌లో ఉన్నాయి. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి డిస్క్ మొత్తం తుడిచెయ్యమని ఆజ్ఞ! ముఠా ముందుగా ఒక మోడల్‌లో దాన్ని పెట్టి చూసుకుంది.

సుందర్ రాజ్ నోట్సులో ఒక వాక్యం ఉంది. 'ఈ తొమ్మిది లైన్లు ఎందుకో అర్థం కాలేదు, తీసేస్తున్నాను. శుక్రవారం జయంతిగారిని అడిగాను, సోమవారం చెబుతానన్నారు.'

అతనికి సోమవారం దక్కలేదు.

ఆనందబాబు కామన్ ఫైల్ తెరిచాడు. ఆ తొమ్మిది లైన్లూ మళ్లీ వచ్చి కూర్చున్నాయి. ఈసారి పదకొండు మోడళ్లకీ. మార్చింది సుందర్ రాజ్ పేరుతో, ఆదివారం సాయంత్రం నాలుగూ పదికి.

ఒంటిగంటకి చచ్చిపోయినవాడు నాలుగింటికి ఆఫీసుకొచ్చాడా? మనిషిని చంపింది చాలక అతని పేరుతో, అతని చేతి పనిలోనే విషం కలిపారు.

ప్రింట్ తీసి చొక్కాలో దాచుకున్నాడు. టైమ్ నాలుగూ ముప్ఫై ఎనిమిది. నాలుగూ యాభైకి టేప్ రాయడం దానంతటదే మొదలవుతుంది. దిద్దిన కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైల్‌కి పది నిమిషాలు. తొమ్మిది లైన్లూ కొట్టేసి కంపైల్ కమాండ్ ఇచ్చి టూల్‌బాక్స్‌తో మెషీన్ రూమ్‌కి పరుగెత్తాడు. ఆపరేటర్లందరూ క్యాంటీన్‌లో రిలీజ్ కేక్ కోస్తున్నారు. ఈ కంపెనీలో టేప్ బయల్దేరే రోజు కేక్ తప్పదు.

"చేతులు పైకి."

జయంతి. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది.

"సుందర్‌ని కాల్చింది నువ్వేనా?"

"నేను కాల్చను. ఫోన్ చేస్తానంతే. వాడి ఖర్మ. వర్క్ అవుతున్న కోడ్‌ని ఎందుకు కెలకడం? ఎవడడిగాడు?"

"అంబులెన్స్ రాక ఎంతమంది చస్తారో తెలుసా నీకు?"

"అది నా డిపార్ట్‌మెంట్ కాదు."

కన్సోల్ మీద అక్షరాలు పరుగెడుతున్నాయి. అది మామూలు రిలీజ్ పనే అనుకుని ఆమె గడియారం చూసుకుంటోంది. నాలుగూ నలభై ఎనిమిది. నలభై తొమ్మిది. అక్షరాలు ఆగాయి. టేప్ చక్రం తిరిగింది.

"అయిపోయింది," అంది జయంతి నవ్వుతూ.

"అవును. నీ తొమ్మిది లైన్లు లేకుండా."

"అబద్ధం! పదకొండు మోడళ్లు! నీకు టైమ్ ఎక్కడిది?"

"అన్నిటికీ తగలాలని ఒక్కచోట పెట్టింది నువ్వే. ఒక్కచోటే తీసేశాను."

ఆమె కీబోర్డు మీదికి దూకింది. పిస్టల్ పక్కకి తిరిగిన ఆ అరక్షణంలో ఆనందబాబు టూల్‌బాక్స్‌లోంచి ఏసీ గ్యాస్ సిలిండర్ తీసి ఆమె చేతి మీదికి గడ్డకట్టించే గ్యాస్ వదిలాడు. జయంతి కెవ్వుమంది, పిస్టల్ కింద పడింది. ఆఫీసు ఇచ్చిన టార్చ్ కంటే ఆ సిలిండరే నయం.

మర్నాటికి ముఠాలో నలుగురు దొరికారు. వాళ్లలో కాల్చినవాడూ ఉన్నాడు. కోల్‌మన్ తన ఫైల్‌లో 'ద్రోహి' అన్న మాటని పెన్నుతో కొట్టేశాడు. "సరా?"

"మిగతా కాపీలు?"

"నిన్న మధ్యాహ్నమే ఆరు ఆఫీసులకి వెళ్లిపోయాయి. మెమో పంపుదాం. చూసుకున్నవాళ్లు దిద్దుకుంటారు."

"చూసుకోనివాళ్లు?" ఆనందబాబు టేబుల్ మీద గుద్దాడు. "రూతుని దేశం దాటించేది వాళ్లే కదా!"

ఆనందబాబు కారు తాళాలు తీసుకున్నాడు. మూడు రోజులు, ఆరు ఆఫీసులు. ప్రతిచోటా తిట్టుకుంటూ, అరుస్తూ, ఎదురుగా నిలబడి ఆ మాట కొట్టేయించాడు. చివరిది హ్యూస్టన్ ఇమ్మిగ్రేషన్. మీ ఒరిజినల్‌తో మా కాపీకి సంబంధం లేదు, మార్చాలంటే ఫారం నింపాలి అన్నాడు క్లర్క్. మూడు కాపీలట. పళ్లు కొరుకుతూ మూడూ నింపాడు.

బయటికొచ్చి పే ఫోన్‌లోంచి రూతుకి డయల్ చేశాడు.

"వందనాలు సిస్టర్. అన్నిచోట్లా కొట్టేయించాను. మిమ్మల్ని ఎవరూ ఎక్కడికీ పంపరు."

అవతల చాలాసేపు ఏడుపు. తర్వాత, "ఒక్క మాట కోసం అన్ని ఊళ్లు తిరిగారా బ్రదర్?"

"తిరగాల్సొచ్చింది సిస్టర్. సుందర్ రాజ్‌గారు మా ఆఫీసులో పనిచేసి ఉంటే ఆ కాపీలన్నీ ఒక్కచోటే ఉండేవి, ఒక్క నిమిషంలో అయిపోయేది."