స్కానులో కనబడని నొప్పి

"ఫణీ! తొమ్మిదింటికి నాకు మీటింగ్ ఉంది. పైకొచ్చి ఈ దోసె తిని ట్యాబ్లెట్ వేసుకో. నీకు దండం పెడతాను!"

అట్లకాడ చేత్తో పట్టుకునే అనురాధ బేస్‌మెంట్ మెట్ల దగ్గర నిలబడి అరిచింది. కింది నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ట్రాయ్ ఊళ్లో ఆ ఏడు మంచు విసుగు లేకుండా కురుస్తోంది. విసుగంతా అనురాధకే వచ్చిపడింది. తమ్ముడు ఫణి డిప్రెషన్‌తో ఉద్యోగం మానేసి తనింటికి చేరి రెండేళ్లయింది. డాక్టర్లు మారారు, మందులు మారాయి, వాడి ముఖం మాత్రం మారలేదు.

"లేవగానే తలారా స్నానం చేస్తే సగం జబ్బు పోతుందే," అంది కొడుకు కోసం ఇండియా నుంచి వచ్చిన అన్నపూర్ణ, దీపం వత్తి ఎగదోస్తూ.

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకుంటావా?"

ఫణి వచ్చి కూర్చున్నాడు. దోసె ముట్టుకోలేదు.

"అక్కా, యూరప్‌లో మూడు నాలుగు దేశాల్లో నాలాంటి పేషెంట్లు కూడా చచ్చిపోవడానికి డాక్టర్ హెల్ప్ అడగొచ్చు. ఇక్కడేమో, అదీ కొన్ని స్టేట్స్‌లోనే, ఎలాగూ పోయేవాళ్లకి మాత్రమే. ఇదేం న్యాయం?"

"పొద్దున్నే మొదలెట్టావా!"

"లాజికల్‌గా చూస్తే వాడి ప్రశ్నలో తప్పేముంది అనూ?" అన్నాడు భర్త శశికాంత్, కాఫీ కప్పులోంచి తలెత్తి.

"మీ లాజిక్ ఆఫీసులో పెట్టుకోండి! బతిమాలలేక ఇక్కడ నేను చస్తున్నాను."

ఫణి గొంతు పెంచలేదు. "మీ అత్తగారికి వెంటిలేటర్ వద్దని నువ్వే చెప్పావు. అందరూ మంచి పని చేశావన్నారు."

అనురాధ స్టవ్ కట్టేసింది. "ఆవిడ ఒంట్లో ఇంకేం మిగల్లేదురా. పోతున్న మనిషిని పోనిచ్చాం. నీకు ముప్పై ఎనిమిదేళ్లు!"

"ఆవిడకి స్కాన్ ఉంది. నొప్పంటే నమ్మారు. నాకు స్కాన్ లేదు. నేను నొప్పంటే వాకింగ్‌కి వెళ్లమంటావు, అమ్మ స్నానం చెయ్యమంటుంది."

"సరే, నొప్పే అనుకో. చచ్చిపోవాలన్న ఆలోచన పుట్టించేదే కదా నీ రోగం? మరి అడుగుతున్నది నువ్వా, నీ రోగమా? ఏ డాక్టర్ తేలుస్తాడది?"

ఇక వాదనకి దిగుతాడనుకుంది. ఫణి తల వంచుకున్నాడు.

"నాకూ తెలీదక్కా. అదే భయంగా ఉంది."

అన్నపూర్ణ వచ్చి కొడుకు పక్కన కూర్చుంది. చిన్నప్పుడు జ్వరం చూసినట్టు నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఎక్కడరా నొప్పి?"

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. "మెలకువ వస్తుందమ్మా. రాగానే, అయ్యో మళ్లీ వచ్చిందే అనిపిస్తుంది. అక్కణ్ణుంచి రోజంతా ఈదాలి." తల్లి భుజం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

తను వాడికి తిండి పెట్టింది, మందులు గుర్తు చేసింది, మందలించింది. కానీ వాడి మాట ఒక్కనాడూ చివరిదాకా విన్నది లేదని అనురాధకి అప్పుడు తెలిసొచ్చింది. విసుగు వెనకాల దాక్కున్నది తన భయమేనని కూడా.

ఎదురుగా కూర్చుని సూటిగా అడిగింది. "ఇవాళ ఏమైనా చేసుకుంటానేమోనని అనిపిస్తోందా?"

"ఒక్కణ్ణీ ఉండాలంటే భయమేస్తోంది."

"ఉండొద్దు. హాస్పిటల్‌కి వెళ్దాం, ఇప్పుడే. నేను నీ పక్కనే ఉంటా."

శశికాంత్ గరాజ్ ముందు మంచు తొయ్యడానికి పరిగెత్తాడు. అనురాధ ఆఫీస్‌కి రానని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేసింది. అన్నపూర్ణ కొడుక్కి కోటు తొడిగింది.

కార్లో ఫణి అన్నాడు, "ఆ చట్టం సంగతి మాత్రం నేను ఒప్పుకోనక్కా. అడిగే హక్కు నాకూ ఉండాలి."

"నేనూ ఒప్పుకోను. జన్మంతా పోట్లాడుకుందాం." కళ్లు మసకబారి, వైపర్లు తిరుగుతున్నా రోడ్డు సరిగా కనబడక కారు పక్కకి ఆపింది. తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కానీ పోట్లాడ్డానికి నాకు నువ్వుండాలిరా."

ఫణి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.