ఆరో మంచం చార్టు

పొద్దున్నే రెండు తెల్ల యూనిఫాంలు ఇస్త్రీ చేయడం ఆ ఇంట్లో రెండేళ్ళుగా అలవాటు. ఒకటి హెడ్ నర్సుది, రెండోది ఆమె కూతురిది. ఇద్దరిదీ ఒకే ఆసుపత్రి, ఒకే వార్డు. ఈరోజు కూడా తల్లి రెండూ ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. కూతురు మాత్రం గది తలుపు తీయలేదు.

మొన్న రాత్రి ఆరో మంచం మీది లారీ డ్రైవరు చనిపోయాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు మధ్యాహ్నం నుంచి అతని భార్య, "ఈయనకి ఆయాసంగా ఉందమ్మా" అని కనిపించిన ప్రతి నర్సుకూ చెబుతూనే ఉంది. చార్టులో మాత్రం రోజంతా నిమిషానికి పద్దెనిమిది శ్వాసలే. రాసింది కూతురు.

నాడి, బీపీ యంత్రం చూపిస్తుంది. శ్వాసను మాత్రం రోగి ఛాతీ వంక చూస్తూ నిమిషంపాటు లెక్కపెట్టాలి. రోగికి ప్రమాదం ముంచుకొస్తుంటే ముందుగా పెరిగేది ఆ లెక్కే. పని తెమలక ఆ వార్డులో చాలామంది చూడకుండానే పద్దెనిమిది వేసేస్తారు. ఆ చార్టులు చూస్తే రోగులంతా కూడబలుక్కుని ఊపిరి పీలుస్తున్నారనుకోవాలి!

ఆ చావు మీద పదింటికల్లా రిపోర్టు ఇవ్వాలి. రాయాల్సింది తల్లే.

తండ్రి టీ గ్లాసు ఆమె ముందు పెట్టాడు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఎలా పోయాడో తెలియలేదని రాసి ఊరుకో."

"తెలిసి కూడా తెలియదని ఎలా రాయనండీ?"

తలుపు ధడాలున తెరుచుకుంది.

"రాయమ్మా, బాగా రాయి!" కూతురి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "అందరూ వేస్తారు పద్దెనిమిది. నీకు తెలీదా? ఆ రోజు ఇరవై రెండు మంచాలకి ముగ్గురం. నన్నొక్కదాన్నే బలిపెట్టు. అసలు నువ్వు నాకు అమ్మవా, హెడ్ నర్సువా?"

తల్లి కాగితం మీద రాసి కూతురి వైపు జరిపింది.

'శ్వాస లెక్కపెట్టకుండా రాస్తున్నారని నాకు ఏడాదిగా తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ముగ్గురితోనే వార్డు నడిపించిందీ నేనే. రోగి భార్య ఆ రోజు నాకు రెండుసార్లు చెప్పింది. చార్టులో ఉన్నది నా కూతురి చేతిరాత కాబట్టి నమ్మాను. మంచం దగ్గరికి వెళ్ళకుండానే సంతకం పెట్టాను.'

దాని కింద సగం పేజీ ఖాళీగా ఉంది.

"అది నీకోసం వదిలాను," అంది తల్లి. "నీ సంగతి నువ్వే రాయాలి."

"నీ ఉద్యోగం పోతుందమ్మా!"

"పోతే పోనీ. ఆవిడకి మొగుడే పోయాడు."

కూతురు నేల మీద కూలబడింది. "ఒకసారి వచ్చి చూడమని ఆవిడ నా చెయ్యి పట్టుకుని అడిగిందమ్మా. 'వస్తా, ఉండండి' అన్నాను. వెళ్ళలేదు." తల్లి ఆమె తలను ఒడిలోకి తీసుకుంది. తండ్రి కండువాతో ముఖం తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగాడు.

ముందు గదిలో నాయనమ్మ దగ్గింది. కూతురు లేచి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. ముసలామె మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ, చీర మడతల కింద లేచి పడుతున్న ఛాతీ వంక చూసింది.

"ఏమిటే, నాకు జ్వరమేం లేదే?"

"కదలకు నాయనమ్మా."

సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది. కూతురు గుమ్మంలో నిలబడ్డ తల్లి వైపు చూసింది.

"నిమిషమే పట్టిందమ్మా," అంటూ బావురుమంది. "ఒక్క నిమిషమే."

తల్లి ఆమె పక్కనే కూర్చుంది. ఏడుపు తగ్గాక పెన్ను మూత తీసి చేతికిచ్చింది.