మోకాలి కింద దిండు

"కాలు పూర్తిగా చాపు, బుల్లెట్టూ," అంది ఫిజియో అక్క.

ఫుట్‌బాల్ జట్టులో అందరికన్నా వేగంగా పరిగెత్తేది కాబట్టి ఆ పిల్లకి ఆ పేరు. ఇప్పుడు పళ్ళ బిగువున కాలు చాపింది. మడమ మంచానికి ఆనింది. మోకాలు మాత్రం చిన్న గుట్టలా పైకే ఉండిపోయింది. దాని కిందనుంచి అక్క చెయ్యి ఇటునుంచి అటు దూరిపోయింది.

ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసే అక్క ఇవాళ నవ్వలేదు. కోణాలు కొలిచే ప్లాస్టిక్ బద్దను రెండుసార్లు పెట్టి చూసింది.

ఆ మధ్య ఒక ఆటలో బుల్లెట్ పాదం నేలకు అతుక్కున్నట్టు ఆగిపోయి, ఒళ్ళు మాత్రం గిర్రున తిరిగింది. మోకాలిలో టప్‌మంది. లోపల ఎముకలు జారిపోకుండా తాడులా పట్టి ఉంచే లిగమెంట్ తెగిపోయింది. డాక్టరు ఆపరేషన్ చేసి, తొడ వెనకనుంచి తీసిన పోగుతో కొత్త తాడు వేశాడు. అది జరిగి నాలుగు వారాలు.

"ఇంట్లో రోజూ మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని కాలు చాపుతున్నావు కదా?"

"ఆఁ, అక్కా."

"మోకాలి కింద ఏమీ పెట్టడం లేదు కదా?"

"లేదక్కా," అంది గోడవైపు చూస్తూ.

కుర్చీలో కూర్చుని దేవుణ్ణి తలుచుకుంటున్న అమ్మమ్మ పెదాలు టక్కున ఆగిపోయాయి.

మోకాలి కింద దిండు పెడితే ఎంత హాయో! నొప్పి ఇట్టే తగ్గేది. అమ్మ డ్యూటీకి వెళ్ళగానే "అమ్మమ్మా, దిండు" అనేది బుల్లెట్. మనవరాలు ఏడిస్తే అమ్మమ్మ ప్రాణం నిలిచేది కాదు. అమ్మ వచ్చే వేళకి ఇద్దరూ కలిసి దిండు తీసేసేవారు.

అక్క కాగితం అందుకుంది. "నీకు సరిపడని వ్యాయామం ఇచ్చానేమో. తప్పు నాదే. డాక్టరుగారికి అదే రాస్తున్నా. మళ్ళీ ఆపరేషన్ చెయ్యాలో వద్దో ఆయనే చూస్తారు."

మళ్ళీ ఆపరేషనా! అక్క కలం కదులుతుంటే బుల్లెట్ లేచి కూర్చుంది.

"అక్కా, అలా రాయొద్దు! తప్పు నీది కాదు. నేనే దిండు పెట్టించుకున్నాను. రోజూ."

"పెట్టింది నేనేనమ్మా," అంది అమ్మమ్మ. "పిల్ల గిలగిల్లాడుతుంటే చూడలేకపోయాను."

అక్క రాసింది కొట్టేసి కలం పక్కన పెట్టింది.

"వంచి ఉంచితే హాయిగానే ఉంటుంది, అమ్మమ్మగారూ. కానీ మోకాలు అలాగే బిగుసుకుపోతుంది."

"ఇప్పుడు సరవుతుందా, అక్కా?"

"తెలీదమ్మా. ఆలస్యం చేశాం. రెండు వారాలు గట్టిగా చేసి చూద్దాం."

ఇద్దరూ ఇంటికి వచ్చారు. మంచం మీద వాలి బుల్లెట్ అడిగింది.

"రోజూ దేవుడికి దణ్ణం పెట్టాం కదా, అమ్మమ్మా. మరి ఆయనెందుకు బాగుచెయ్యలేదు?"

అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది. "నేనూ అదే అడుగుతున్నానే తల్లీ. దణ్ణం పెట్టిన చేతులతోనే దిండూ పెట్టాను. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు?"

సాయంత్రం అమ్మ చెప్పులు విప్పుతుండగానే బుల్లెట్ అంతా చెప్పేసింది. అమ్మ అరుస్తుందనుకుంది. అమ్మ అరవలేదు. గుమ్మం దగ్గరే కూలబడిపోయింది. అది ఇంకా కష్టంగా అనిపించింది.

అక్క చెప్పినట్టు పది నిమిషాలు ఉంచాలని బుల్లెట్ తనే తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టుకుంది. మోకాలి కింద ఖాళీ. లోపల ఎవరో మెలిపెడుతున్నట్టు నొప్పి. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. అమ్మమ్మ చెయ్యి తెలియకుండానే మోకాలి కిందకి వచ్చింది.

"వద్దు, అమ్మమ్మా! నేను ఏడుస్తాను. ఎంత ఏడ్చినా సరే, పట్టుకోకు."

అమ్మమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

బుల్లెట్ గడియారం వైపు చూసింది. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.