తెలియదు అన్న మాట

పెళ్లిచూపుల్లో ఏం అడుగుతారోనని సువర్ణ ముందే లెక్కలు వేసుకుంది. వంట వచ్చా అంటే వచ్చు. కీర్తన పాడమంటే పాడుతుంది. కానీ అత్తిలిలో ఆ మధ్యాహ్నం పెళ్లికొడుకు నిత్యానందం మాస్టారు కాలరు సర్దుకుని, "ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్ అంటే తెలుసా?" అన్నాడు.

గదిలో పెద్దవాళ్లంతా మొహమొహాలు చూసుకున్నారు. అమ్మ పోయాక తమ్ముళ్లను సాకడానికి అయిదో తరగతిలోనే బడి మానేసిన పిల్ల సువర్ణ. తలెత్తి సూటిగా చూసింది.

"తెలియదండి."

"దేన్నయినా పనికిమాలిందని తీసిపారేయడం" అన్నాడు అతను గొప్పగా.

"పారేసేదానికి అంత పొడుగు మాటెందుకండీ? మరి కొర్రమీను పులుసులో చింతపండు ఎంత వెయ్యాలో మీకు తెలుసాండి?"

నిత్యానందం దగ్గాడు. "అదీ... చేపను బట్టి ఉంటుంది."

అతని చెల్లెలు పకపకా నవ్వింది. "తెలియదు అన్న మాట మా అన్నయ్య నోట రాదు వదినా!"

ఆ 'వదినా'తోనే సంబంధం ఖాయమైపోయింది.

కాపురం కొల్లేటి లంకలో. అక్కడి మిషన్ బడికి అతనే మాస్టారు. సాయంత్రం బడి వదిలి రాగానే గుమ్మంలోంచే ఒక మాట విసిరేవాడు.

"సోమ్నాంబులిజం!"

"మీ అమ్మగారి ఊరా?"

"నిద్రలో నడవడం!"

"అయితే మీ పిల్లలంతా బడికి అలాగే వస్తారు."

అతను నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే ఆమె తప్పులు చెప్పేది. పాప రూతు పుట్టాక కూడా ఆట ఆగలేదు. ఉయ్యాల ఊపుతూనే ఆడేవారు.

రూతుకు జ్వరం వచ్చిన రోజున ఆగింది.

ముసురు పట్టింది. పిల్ల ఒళ్లు కాలిపోతోంది, పాలు తాగడం లేదు. తెల్లారగానే పెద్దింటయ్య పడవలో ఏలూరు మిషన్ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు దేవకుమారిగారు జనంతో నిండిన వసారాలోనే పిల్లను తిప్పి తిప్పి చూసి, ఎదురుగా ఉన్నది మాస్టారు కదా అని ఇంగ్లీషులోనే గడగడా చెప్పేశారు. చివర్న, "ఇడియోపతిక్ పైరెక్సియా. మీకు చెప్పక్కర్లేదుగా మాస్టారూ?" అన్నారు.

నిత్యానందం తల ఊపాడు. మందుసీసా తీసుకుని బయటికి వచ్చేశారు.

పడవ కాలువ దాటి కొల్లేట్లోకి వచ్చేదాకా సువర్ణ ఓపిక పట్టింది.

"ఏవండీ, డాక్టరమ్మగారు ఏమన్నారు?"

"జ్వరం అన్నారు."

"అది నాకూ తెలుసు. ముందో మాట అన్నారుగా, ఇడి... ఇడియో..."

"గొడుగు సరిగ్గా పట్టు. పాప తడుస్తుంది."

చినుకులు నీటి మీద టపటపా పడుతున్నాయి. ఆమె అతని మొహం వంకే చూస్తోంది. అతను మాత్రం దూరంగా తూటికాడ పొదల్ని చూస్తున్నాడు. అడక్కుండానే అర్థాలు చెప్పే మనిషి!  సువర్ణ పిల్లను ఇంకా గట్టిగా హత్తుకుంది.

"అంత చెడ్డ మాటాండీ?"

అతను గొడుగు అంచు పిల్ల మీదికి లాగాడు.

"నా పిల్ల నాకు దక్కదా? ఆ మాటే చెప్పండి. మీ మౌనం మాత్రం నేను మొయ్యలేను."

"ఛ! అలా అనకు సువర్ణా."

"మరి అర్థం చెప్పండి!"

గెడ వేస్తున్న పెద్దింటయ్య కూడా ఆగిపోయాడు. నిత్యానందం పెదవులు కదిలాయి. ఏదో పెద్ద మాట వస్తుందనుకుంది.

"నాకు... తెలియదు."

"ఏవిటీ?"

"తెలియదు సువర్ణా. పైరెక్సియా అంటే జ్వరం. ముందు మాట ఎప్పుడూ వినలేదు. అంతమందిలో ఆవిడ అలా అనేసరికి అడగలేకపోయాను. అప్పట్నుంచీ భయంతో చచ్చిపోతున్నాను."

 సువర్ణకు ముందు ఏడుపు వచ్చింది, ఆ తరవాత ఒళ్లు మండింది.

"బిడ్డ కంటే మీ ఇంగ్లీషు ఎక్కువైందా? పెద్దింటయ్యా, పడవ వెనక్కి తిప్పు!"

"ఆయ్, గాలి ఎదురండి అమ్మగారూ."

"నేనూ గెడ వేస్తాను, తిప్పు!" అంటూ లేచాడు నిత్యానందం. పంచె ఎగగట్టి రెండో గెడ అందుకున్నాడు. అలవాటు లేని అరచేతులు బొబ్బలెక్కినా మళ్లీ ఏలూరు రేవు చేరేదాకా వదల్లేదు.

వసారా నిండా జనం. లంక నుంచి వచ్చిన పెద్దలు, అతని దగ్గర చదివిన పిల్లల తండ్రులు. బురద కాళ్లతో వాళ్ల మధ్య నిలబడి అతను గట్టిగా అన్నాడు:

"డాక్టరుగారూ, ఇందాక తల ఊపానండి. నాకు అర్థం కాలేదు. ఇడియోపతిక్ అంటే ఏవిటండీ?"

దేవకుమారిగారు కళ్లజోడు తీశారు.

"కారణం తెలియదని. ఎందుకొచ్చిందో మాకు అంతు చిక్కని జ్వరాన్ని అలా అంటాం. 'తెలియదు' అనడానికి మాకూ నోరు రాక పెట్టుకున్న పెద్ద పేరు."

వసారాలో ఎవరో కిసుక్కుమన్నారు. సువర్ణ నవ్వలేదు.

"ప్రమాదమాండీ?"

"గుండె, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయమ్మా. చాలామటుకు దానంతటదే దిగుతుంది. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, పాలు కొంచెం కొంచెంగా పట్టమని మాస్టారికి చెప్పానుగా. వాన కూడా వదల్లేదు, ఇక్కడే కూర్చోండి. మళ్లీ చూస్తాను."

వసారా చివర బల్ల మీద కూర్చున్నారు. అతను గుడ్డ తడిపి ఇస్తుంటే ఆమె తుడుస్తోంది.  వాన వెలిసే వేళకి రూతు మెడ మీద చెమట పట్టింది. కాసేపటికి అమ్మ కొంగు లాగి పాల కోసం ఏడ్చింది.

 సువర్ణ కళ్లు తుడుచుకుని మొగుడి బొబ్బల చేతిని తన ఒళ్లోకి లాక్కుంది.

"ఇందాక పడవలో అన్న మాట మళ్లీ అనండి."

"పైరెక్సియా..."

"అది కాదు. ముందు అన్నది."

నిత్యానందం చుట్టూ చూశాడు. జనం వింటున్నారు. అయినా ఆమె కళ్లలోకి చూస్తూ అన్నాడు.

"తెలియదు."

"ఇన్నాళ్లూ నాకు చెప్పిన వాటన్నిటిలోకీ ఇదే బావుందండీ" అంది సువర్ణ.