పసిగట్టే ఉంగరం

మధ్యాహ్నం ఒంటిగంటకు ప్రాగ్ నగరంలో మూడో హోటల్ తలుపు కూడా డాక్టర్ వకుళకు తెరుచుకోలేదు.

"క్షమించాలి, ఖాళీ లేదు" అంది తలుపు, తేట తెలుగులో. 2069 నాటికి తలుపులు వచ్చినవాళ్ల భాషలోనే మాట్లాడడం మామూలైపోయింది. కానీ అద్దంలోంచి చూస్తే లోపల ఏడు బల్లలు ఖాళీగా ఉన్నాయి.

"నేనొకసారి వెళ్లి చూస్తానుండండి మేడమ్" అన్నాడు ఇమ్మానుయేలు. గుంటూరులోని ఆమె ప్రయోగశాలలో అతను పదేళ్లుగా ఇంజనీరు. రెండడుగులు వేశాడో లేదో తలుపు తెరుచుకుంది. కిటికీ పక్క బల్ల కావాలా అని కూడా అడిగింది.

వకుళ తన కుడిచేతి ఉంగరం వైపు చూసుకుంది.

ఆమెకు చిన్నప్పటినుంచీ సీలియాక్ జబ్బు. గోధుమలోనూ బార్లీలోనూ ఉండే గ్లూటెన్ అనే జిగురు మాంసకృత్తు చిటికెడు లోపలికి పోయినా చాలు, ఆమె ఒళ్లు తన చిన్నపేగు మీద తానే దాడికి దిగుతుంది. ఒకప్పుడు పరాయి దేశాలకు వెళ్తే పెట్టెలో తెచ్చుకున్న మరమరాలే ఆమెకు భోజనం. ఒకసారి ఒక వెయిటర్ "ఏం కాదులెండి" అన్న మాట నమ్మి, మూడు రోజులు గది దాటి బయటికి రాలేకపోయింది. ఆ కోపంలోంచి పుట్టిందే 'పసిగట్టు' ఉంగరం. అందులోంచి వెంట్రుకంత గొట్టం బయటికొచ్చి తిండిని తాకుతుంది. లోపలున్న యాంటీబాడీలు గ్లూటెన్ కణాలను పట్టుకుంటాయి. పది సెకన్లలో లెక్క తేలుతుంది. పది లక్షల పాళ్లలో ఇరవై దాటితే ఉంగరం ఎర్రగా వెలిగి వణుకుతుంది. ఆపైన ఒక్క నిమిషం ఆగి, ఆహార భద్రతా కార్యాలయానికి ఫిర్యాదు దానంతటదే పంపుతుంది. పెట్టుకున్నవాళ్లు కావాలంటే ఆ నిమిషంలోపు మీట నొక్కి ఆపవచ్చు. మూడు ఫిర్యాదులైతే వంటగదికి తాళం పడుతుంది. ఆ నిబంధన ఉండి తీరాలని పట్టుబట్టింది వకుళే. రేపు ఇదే నగరంలో ఉంగరాన్ని అమ్మే సంస్థ ఆమెకు సన్మానం చేస్తోంది.

ఇమ్మానుయేలు బయటికొచ్చి గొంతు తగ్గించాడు. "తలుపులు ఉంగరం సిగ్నల్ చదివేస్తన్నాయి మేడమ్. పెట్టుకున్నోళ్లని రానివ్వట్లేదు. తీసి నా జేబులో వేయండి, లోపలికి పోదాం."

"తీసేసి ఏం తినను? మంచినీళ్లా?" అంది వకుళ. "నలభై లక్షలమంది పెట్టుకున్నారు దీన్ని. అందరూ ఇలా బయటే నిలబడుతున్నారా?"

"ఏడాది నుంచీ మనకి రాస్తానే ఉన్నారు మేడమ్. సన్మానం అయ్యాక మీకు చెబుదామనుకున్నా."

వకుళ అతని కోసం తెరుచుకున్న తలుపులోంచి విసురుగా లోపలికి నడిచింది. తలుపు కీచుమని హెచ్చరిస్తూనే ఉంది. ఆమె సరిగ్గా మధ్యనున్న బల్ల దగ్గర కూర్చుంది. ఇమ్మానుయేలూ వెనకే వచ్చాడు.

వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ ఒకావిడ వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. పేరు యార్మిలా. హోటల్ ఆవిడదే, వంటా ఆవిడదే. చెవిలో పెట్టుకున్న అనువాద యంత్రాలు ఇద్దరి మాటలనూ అటూ ఇటూ చేరవేశాయి.

"మీకిక్కడ భోజనం లేదండీ. ఇది గోధుమపిండితో నడిచే వంటగది."

"బంగాళాదుంపలు లేవా? గుడ్లు లేవా? కడిగిన బాణలి ఒక్కటైనా లేదా? నాకేం కావాలో అడగనైనా అడక్కుండా బయటే ఆపే హక్కు మీకెవరిచ్చారు?"

"మీ ఉంగరమే ఇచ్చింది. ఇప్పటికే నా మీద రెండు ఫిర్యాదులున్నాయి. ఇంకొక్కటి వస్తే మేం ఆరుగురం వీధిన పడతాం."

"ఈ ఉంగరం చేసింది నేనే" అంది వకుళ. "వండండి. పోలీసులను పిలుస్తానంటే పిలుచుకోండి. తినకుండా మాత్రం ఇక్కణ్ణుంచి కదలను."

యార్మిలా ఆమెను ఎగాదిగా చూసి లోపలికి వెళ్లింది. అరగంటకు పళ్లెం తెచ్చింది. ఉడికించిన బంగాళాదుంపలు, వెన్నలో వేయించిన పుట్టగొడుగులు. పొగలు కక్కుతున్నాయి. ఉంగరం తాకింది. ఎర్రగా వెలిగింది.

ముప్పై నాలుగు.

యార్మిలా కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది. వకుళ బొటనవేలు మీట కోసం తడుముకుంది. తను తయారు చేసిన మీటే. ఉంగరం పెట్టుకున్న ఆరేళ్లలో ఒక్కసారి కూడా నొక్కలేదని అప్పుడు తెలిసొచ్చింది. నొక్కింది. ఎరుపు ఆరిపోయింది.

"ఎక్కడ తగిలుంటుంది?" అని అడిగింది.

యార్మిలా తేరుకుని ఆలోచించింది. "వెన్న. రొట్టెలకు రాసిన కత్తే వెన్నలో ముంచుతాం." తర్వాత నమ్మలేనట్టు చూసింది. "ఆపేశారా? ఎవరూ ఆపరే!"

ఇమ్మానుయేలు చేతిలోని తెర చూసి తలూపాడు. "నిజమే మేడమ్. వెయ్యిమందిలో ఒక్కరు కూడా ఆపలేదు."

"ఎవరూ ఆపరని మీకెలా తెలుసు?" అంది వకుళ యార్మిలాతో.

యార్మిలా మెడలోని గొలుసు పైకి లాగింది. దానికి ఒక పసిగట్టు ఉంగరం వేలాడుతోంది.

"నాకూ మీ జబ్బే. పక్కవీధిలో నా స్నేహితురాలి హోటల్ ఉండేది. ఒకరోజు అక్కడ సూప్‌లో ఇరవై రెండు చూపించింది. అప్పటికే ఆమె మీద రెండున్నాయి. ఆ నిమిషమంతా నా ఎదురుగా నిలబడి బతిమాలింది. నేను మీట నొక్కకుండా సూప్ వంక చూస్తూ కూర్చున్నాను. ఎన్నేళ్ల నుంచో అందరూ నన్ను తేలిగ్గా తీసిపారేశారు. మొదటిసారి ఒకరు నాకు భయపడ్డారు. ఆ నిమిషం నాకు బాగుంది." ఆమె గొలుసు మళ్లీ లోపలికి వేసుకుంది. "మనలాంటివాళ్ల సంగతి నాకు బాగా తెలుసు. అందుకే తలుపు మూశాను."

వకుళకు తను మీట ముట్టకుండా గడవనిచ్చిన నిమిషాలు వరసగా గుర్తొచ్చాయి. అవి తనకూ బాగున్నాయి.

పళ్లెం పక్కకు జరిపింది.

"ఇమ్మానుయేలూ, ముందు తలుపులకు సిగ్నల్ అందకుండా చెయ్యి. ఫిర్యాదు ఇకనుంచి దానంతటది పోకూడదు. పంపాలనుకున్నవాళ్లు వండిన మనిషి ముఖం చూసి, తమ వేలితోనే పంపాలి. రేపు సభలో నేను చెప్పబోయేది ఇదే."

"సంస్థవాళ్లు ఊరుకోరు మేడమ్. సన్మానం సంగతి సరే, మిమ్మల్నే తీసేస్తారు."

"తీసెయ్యనీ. ఈ జబ్బు నాది, ఈ పనీ నాదే. వాళ్లు తీసేస్తే పోయేవి కావు." ఆమె యార్మిలా వైపు తిరిగింది. "కొత్త వెన్న తెరవండి. వేరే కత్తి తీసుకోండి. మళ్లీ వండండి, ఇద్దరికి."

"ఈయనకు కూడానా?"

"కాదు. మీకు."

యార్మిలా వంటగది గుమ్మంలో ఆగిపోయింది. "ఇరవై ఏళ్లుగా ఇక్కడ వండుతున్నాను. ఇక్కడ ఒక్కపూట కూడా తినలేదు. నా చేతి వంటనే నేను నమ్మలేదు."

వకుళ లేచి, చేతులు కడుక్కుని, ఆమె వెనకే వంటగదిలోకి నడిచింది.