డిస్కులో చోటు లేదు

ఆ ఉదయం వచ్చిన మనిషి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు, ఎవరో వచ్చి లేవమంటారని ముందే తెలిసినట్టు.

“మా ఆఫీసులో ఫోల్డర్ పోయింది మేడమ్. నేనక్కడ సర్వర్ చూస్తాను,” అన్నాడు.

ఒకే ఇంటి కోడళ్ళిద్దరూ కలిసి డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నారంటే వచ్చినవాళ్ళు ముందు నవ్వుతారు. ఈయన నవ్వలేదు. అది మంచి లక్షణమో చెడ్డ లక్షణమో తేల్చుకోలేక చిన్నకోడలు పెన్ను తీసింది. పరిశోధించేది పెద్దకోడలు. రాసుకునేదీ, అబ్బురపడేదీ చిన్నకోడలు. పరిశోధన ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే పెద్దకోడలు అత్తగారి పేరు చెబుతుంది. ఉప్పుడబ్బా మూత ఎవరు వదులుగా పెట్టారో పక్కగదిలోంచే చెప్పగల మనిషి ఆవిడ.

వచ్చినాయన చెప్పింది ఇదీ. వాళ్ళది భవనాల ప్లాన్లు గీసే ఆఫీసు. గీసినవన్నీ ఒకే సర్వర్‌లో ఉంటాయి, అందరూ ఎవరి కంప్యూటర్‌లోంచి వాళ్ళు వాటిని తెరుచుకుంటారు. వాటన్నిటిలోకీ పెద్దది, కట్టబోయే ఆస్పత్రి ఫోల్డరు, నిన్న పొద్దున్నకి మాయమైంది. డ్రాయింగులు గీసే అమ్మాయి ఉద్యోగం మారబోతోంది కాబట్టి అనుమానం ఆమె మీదికి పోయింది. ఓనరుగారు అందరి ముందూ ఆమె బ్యాగు వెతికించారు. ఏమీ దొరకలేదు. అయినా ఈ సాయంత్రం ఆ కొత్త ఆఫీసుకి ఫోన్ చేసి, మీరు దొంగని పెట్టుకుంటున్నారని చెబుతానంటున్నారు.

“చెప్పారంటే ఆ పిల్లకి ఇక్కడా ఉండదు, అక్కడా ఉండదు మేడమ్. మీరొచ్చి తేల్చాలి. నేను పిలిచానని మాత్రం...”

“చెప్పంలెండి. మరి వేరే కాపీ దాచరా?” అంది పెద్దకోడలు.

“బ్యాకప్ ఉందండీ.”

“అది తెచ్చి మళ్ళీ పెట్టేస్తే పోయె.”

“పెడదామంటే డిస్కులో చోటు లేదు మేడమ్. మొత్తం నిండిపోయుంది. కొత్త డిస్కు రావాలి.”

పెద్దకోడలు ఆయన్ని ఓ క్షణం చూసి, “పాపం,” అంది. ఎవరిని అన్నదో చిన్నకోడలికి బోధపడలేదు. అయినా రాసుకుంది.

వాళ్ళ ఆఫీసంతా ఒకటే హాలు. చివర అద్దాల గదిలో ఓనరుగారు. ఆయన మనిషి చెడ్డవాడిలా లేడు. తన మాటలు తనకే బాగా నచ్చే మనిషిలా ఉన్నాడు.

“డ్రాయింగులు ఎలాగో వస్తాయమ్మా, నాకు దొంగ కావాలి. పిల్లని కూతుర్లా చూశాను!” అన్నాడు.

“సర్వర్‌లో ఎవరికి ఏది కనిపించాలో ఎవరు నిర్ణయిస్తారు?”

“నేనే. జీతాలవీ ఉన్న ఫోల్డరుంది, ఇదిగో ఆస్పత్రిది ఉండాల్సిన చోటుకి సరిగ్గా కిందే. నాకు తప్ప ఇంకెవరి తెర మీదా అది కనిపించనైనా కనిపించదు. సర్వర్ చూసేవాడు కూడా తెరవలేడు. అలాగే పెడతానని అతని దగ్గర మాట తీసుకున్నా.”

“మీరు రోజూ తెరుస్తారా?”

“నెలాఖర్లో జీతాలప్పుడే. ఆ మాత్రానికి రోజూ ఎందుకు గుండె మండించుకోవడం?”

ఆయన చెబుతున్నంతసేపూ చెయ్యి మౌసు మీదే ఉంది, వేలు మీట మీద ఆనుకునే ఉంది. మాటకి తగ్గట్టు చెయ్యి ఊగుతుంటే తెర మీది బొమ్మొకటి ఈ మూల నుంచి ఆ మూలకి ఈడ్చుకుపోయింది. ఆయన గమనించలేదు. చిన్నకోడలు మాత్రం నవ్వు ఆపుకోవడానికి దగ్గింది.

డ్రాయింగుల అమ్మాయి కిటికీ పక్క సీట్లో పని చేసుకుంటోంది. బల్ల మీద పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ కవరు. అందులో టిఫిన్ డబ్బా, దువ్వెన, తాళంచెవి, తలనొప్పి మాత్రలు, అన్నీ బయటికే కనిపిస్తున్నాయి.

“నువ్వు తియ్యకపోతే ఇంకెవరు తీసుంటారమ్మా?” అని చిన్నకోడలు తనే అందుకుంది. అడుగుతూ అడుగుతూ కళ్ళు కవరులోకి పోయాయి.

ఆ అమ్మాయి కవరుని ఇటు జరిపింది. “బాగా చూడండి. జిప్పు తియ్యాల్సిన పని లేకుండానే తెచ్చుకున్నా.”

పొగరు, అని చిన్నకోడలు మనసులో రాసుకుంది. పెద్దకోడలు మాత్రం కవరు మీద చూపు నిలపకుండా, “భోంచేశావా అమ్మా?” అని అడిగింది. ఆ అమ్మాయి మళ్ళీ తెర వైపు తిరిగింది.

మధ్యాహ్నం అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది పెద్దకోడలు. సర్వర్ చూసేవాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

“మా ఇంట్లో గిన్నెల అలమర ఒకటుంది. అందులో వేలు పెట్టే సందు కూడా ఉండదు,” అని మొదలుపెట్టింది. “దాంట్లోంచి అన్నిటికన్నా పెద్ద గిన్నె పోయిందంటే ఏమవ్వాలి?”

“చోటు ఖాళీ అవ్వాలి,” అన్నాడు ముందు వరసలోని ఇంజినీరు.

“కదా? మీ డిస్కులోంచి అన్నిటికన్నా పెద్ద ఫోల్డర్ పోయింది. అయినా డిస్కు నిండే ఉంది. బ్యాకప్ దింపడానిక్కూడా చోటు లేదట. అంటే గిన్నె ఎక్కడికీ పోలేదు. పక్క గిన్నెలోకి దూరింది.”

“మేమంతా వెతికాం మేడమ్!” అన్నాడతను.

“మీకు కనిపించే గిన్నెల్లో వెతికారు.”

పెద్దకోడలు ఓనరుగారి వైపు తిరిగింది.

“నేను తీశానంటారా? నా సొంత పనిని నేనే?” ఆయన లేచాడు.

“తీయలేదండీ, లాగారు. పొద్దున నాతో మాట్లాడుతూ తెర మీది బొమ్మని ఈడ్చుకెళ్ళారు, మీకే తెలీదు. ఆస్పత్రి ఫోల్డరు మీ ఫోల్డరుకి సరిగ్గా పైన ఉండేది. వేలు నొక్కి ఉంచి, చెయ్యి కిందికి దించి వదిలేస్తే అది ఇందులో పడుతుంది. మా తోడికోడలు నవ్వు ఆపుకోలేక దగ్గింది కాబట్టి నాకు తెలిసింది. మీరొక్కరే వెళ్ళి చూసుకోండి. మాకు చూపించక్కర్లేదు.”

ఆయన గదిలోకి వెళ్ళాడు. అద్దంలోంచి అందరికీ ఆయన వీపే కనిపించింది. చెవులు ఎర్రబడటం మాత్రం తెలుస్తూనే ఉంది. తిరిగొచ్చి, “ఉంది,” అన్నాడు. ఆపైన నవ్వబోయాడు. “సరే, దొరికింది కదా! పోనీండి. అమ్మాయ్, నా గదిలోకి రా, మాట్లాడుకుందాం.”

“గదిలోకెందుకు సార్?” అంది ఆ అమ్మాయి. “బ్యాగు ఇక్కడ విప్పించారు కదా.”

ఓనరుగారు బల్లలన్నిటినీ ఓసారి చూశాడు. అంతసేపూ ఆయనకి తెలియని పొడవేదో ఆ హాలుకి ఉన్నట్టుంది. “తప్పయిపోయిందమ్మా,” అన్నాడు చివరికి, అంతకుముందెప్పుడూ వాడని గొంతుతో.

కథ అక్కడితో ముగిసిందనుకుని చిన్నకోడలు పెన్ను మూసింది. పెద్దకోడలు కదల్లేదు.

“ఇంకొక్క మాట. సర్వర్ చూసేవాళ్ళకి డిస్కులో ప్రతి మూలా కనిపిస్తుంది. కనిపించదని మాటివ్వచ్చు గానీ కళ్ళు మూయలేరు. చోటు ఖాళీ కాలేదని తెలిసిన మనిషికి ఫోల్డరు ఎక్కడుందో కూడా తెలుసు,” అంటూ గోడ వైపు చూసింది. “ఎప్పటినుంచి?”

గోడకి ఆనుకున్న మనిషి నిటారుగా నిలబడ్డాడు. “నిన్న పొద్దుటి నుంచే,” అన్నాడు. “చెబితే జీతాల ఫోల్డర్లో ఎందుకు చూశావంటారు. ఉద్యోగం పోతుంది. ఇంట్లో నలుగురం మేడమ్... అందుకే మీ నోట చెప్పిద్దామని వచ్చాను.”

ఓనరుగారు అరవడానికి నోరు తెరిచాడు. ఇవాళ తను అరవకూడదని గుర్తొచ్చి మూసుకున్నాడు.

ఆ అమ్మాయి సర్వర్ చూసేవాడినే చూస్తోంది. “బ్యాగులోవి ఒక్కొక్కటీ బయట పెట్టింది మీరే కదన్నయ్యా,” అంది. “డబ్బా మూత కూడా తీశారు. పెన్‌డ్రైవ్ ఏమన్నా ఉందేమోనని, అన్నం స్పూనుతో కదిపి చూశారు. అప్పటికి మీకు తెలుసు.”

ఆయన తల వంచాడు. చిన్నకోడలు కూడా, తననెవరూ ఏమీ అనకపోయినా, తల వంచేసింది. పొద్దున కవరులోకి పోయిన తన కళ్ళని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దువ్వెనలో విరిగిన పళ్ళు కూడా చూసేసింది.

ఆ అమ్మాయి కంప్యూటర్ ఆపేసి, కవరు తీసుకుని నడిచింది. సర్వర్ చూసేవాడు ముందుగా పరిగెత్తి తలుపు తెరిచి పట్టుకున్నాడు. “క్షమించమ్మా,” అన్నది సగమే బయటికొచ్చింది.

ఆమె గుమ్మం దగ్గర ఆగి, కవరు కాస్త పైకెత్తి పట్టుకుంది. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే అడిగింది.

“చూస్తారా అన్నయ్యా?”

ఆయన పక్కకి తప్పుకున్నాడు. తలుపు తనంతట తనే మూసుకుంది.

ఇంటికెళ్ళే బస్సులో చిన్నకోడలు తన సంచీని ఒళ్ళో పెట్టుకుని, పైన రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

“కేసు తేలినట్టేనా అక్కా?”

“ఫోల్డరు దొరికింది,” అంది పెద్దకోడలు, కిటికీలోంచి బయటికి చూస్తూ.